రైఫిల్‌కు లాడం

భుజానికి ఆపరేషన్ అయ్యాక నాకు మిగిలిన బెంగ ఒకటే. మళ్లీ పోటీలో కాల్చగలనా, లేక ట్యాబ్లెట్ పట్టుకుని పక్కవాళ్లకు మార్కులు వేస్తూ కూచోవాలా? నా పాత రైఫిల్‌కు వెనక బరువెక్కువ. పోటీలో ఆసరాకు ఇచ్చే గేటు మీద ఇసుక సంచి వేసి, దానిమీద పెడితే వెనక్కి ఒరిగి గొట్టం ఆకాశం చూస్తుంది. ఎత్తిపట్టాల్సింది నా భుజమే.

నా మొగుడు ఆరిన్, మైల్స్ సిటీ చుట్టుపక్కల గుర్రాలకు లాడాలు కొడతాడు. ఆయన చెయ్యి ధారాళం, నాది పిసినారి చెయ్యి. కొత్త చాసిస్ కొందామన్నాడు. రైఫిల్ మొత్తాన్నీ పట్టి ఉంచే అల్యూమినియం చట్రం అది, ముందువైపు కావలసినంత బరువు బిగించుకోవచ్చు. బరువులతో కలిపి పద్దెనిమిది వందల డాలర్లు. ఆ డబ్బుతో మా ఆవులకు చలికాలం గడ్డి వస్తుందని వద్దన్నాను.

గడ్డి ఒట్టి సాకు. అంత పోసి కొన్నాక కూడా నావల్ల కాకపోతే? అప్పుడిక తప్పు రైఫిల్ మీదకు నెట్టడానికుండదు. నాకు భయం అక్కడ.

నేను చెప్పకపోయినా ఆయన పసిగట్టినట్టున్నాడు. ముందు బరువు కుదిరితే ఎలా ఉంటుందో చూద్దాం, ఇనుము ఇంట్లోనే ఉంది కదా అన్నాడు. లాడాల పట్టీ కోసి, సానబట్టి, రైఫిల్ ముందు చెక్క కింద ఒక్కో ముక్కా బిగించాడు. వంటింట్లో కుర్చీ వీపు మీద సంచి, సంచి మీద రైఫిల్. నేను చెయ్యి వదలడం, అది ఒరగడం, ఆయన గొణుక్కుంటూ ఇంకో ముక్క బిగించడం. ఎట్టకేలకు కుదురుగా నిలబడింది. ఆ ముచ్చటలో పొయ్యి మీద బీన్స్ మాడ్చేశాను.

జులైలో పోటీకి వెళ్లాం. మా జట్టు వంతు గేటు దగ్గర; జట్టుగా తిరుగుతాం గానీ ఎవరి మార్కులు వాళ్లవే. గేటుకున్న కడ్డీలు మార్చుకుంటూ, దూరంగా కొండవాలులో వేలాడే ఇనుప రేకుల్ని కొట్టాలి. నా వంతుకు ముందు పక్కనున్న కంచె మీద రైఫిల్ పెట్టి చెయ్యి వదిలాను. వెనక్కి ఒరిగింది. ఇంటికెళ్లిపోదామనిపించింది.

జట్టులో డాల్టన్ అని ఒక కుర్రాడున్నాడు, ఖరీదైన సరంజామా అంతా వాడిదే. రైఫిల్‌ను తిప్పి చూసి అడిగాడు.

"వెర్నా గారూ, ఇంట్లో బోల్టు తీసి తూచారా?"

అవును. మా ఇంట్లో బోల్టు తీయకుండా తుపాకీ గడప దాటి లోపలికి రాదు. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయినా ఆ నియమం పోలేదు. తూటాను గొట్టంలోకి నెట్టే ఆ ఇనుప బోల్టు ఉండేదేమో వెనకవైపు. దాని బరువు మేం లెక్కలోకే తీసుకోలేదు.

"మంచి అలవాటేలెండి," అన్నాడు డాల్టన్. "కానీ బోల్టు లేకుండా కాల్చలేరు కదా."

ఆరిన్ మొహం ఎర్రబడింది. ట్రక్కు దగ్గరికి పోయి, పొట్టి జాతి గుర్రానికి వేసే చిన్న లాడం ఒకటి తెచ్చాడు. జట్టులో ఒకరు టేపు ఇచ్చారు, ఇంకొకరు పట్టుకున్నారు. పోటీలో ఎదుటివాళ్లం, కాల్చే గీత దగ్గరికొచ్చేదాకా మాత్రం ఒకరి సామాను అందరిదీ. గొట్టానికి తగలకుండా ముందు చెక్క కొసకు లాడాన్ని చుట్టేశారు. అందరూ పగలబడి నవ్వుతుంటే నేనూ నవ్వాను.

గంట మోగింది. మొదటి కడ్డీ మీద సంచి వేసి రైఫిల్ పెట్టాను. అది ఒరగలేదు. నా భుజం ఊరికే ఆనుకుని ఉంది, మోసే పనిలేదు. మీట నొక్కాను. కాసేపటికి కొండవైపు నుంచి ఇనుము మోగిన చప్పుడు వచ్చింది. గాలికి ఒకటి రెండు గుళ్లు పక్కకు పోయాయి గానీ, ఆఖరి గంట మోగేసరికి చివరి కడ్డీ దాకా వచ్చేశాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

సాయంత్రం బర్గర్లు తింటుంటే, ఆ చాసిస్ రేపే కొందామన్నాను. ఆరిన్ నమలడం ఆపేశాడు.

"ఇదేం తిరకాసు? ఇప్పుడిది బాగానే పనిచేస్తోందిగా. పద్దెనిమిది వందలు మిగిలినట్టే."

"మానేసేదానికైతే దండగ," అన్నాను. "ఇంకా పదేళ్లు కాలుస్తాను నేను."