చెప్పుల దుకాణం ముందు స్టాపు

మంగళవారం మధ్యాహ్నం ఒకటీ నలభైకి గేటక్క పేరు మీద ఒక మార్పు ప్రాజెక్టులో కలిసింది. ఆ సమయంలో గేటక్క సీట్లో లేదు. వరండా చివర కుళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతోంది.

గేటక్క అన్నది ఆఫీసులో కుర్రాళ్ళు పెట్టిన పేరు. బస్ స్టాపుల్లో ఏ బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో బోర్డు మీద చూపించే ప్రోగ్రాము ఒకటుంది. అది ఏ కంపెనీ సొత్తూ కాదు. దాని కోడంతా ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే చోట ఉంటుంది. ఎవరైనా నకలు తీసుకుని, దిద్ది, ‘ఇది కలపండి’ అని పంపవచ్చు. వచ్చినదాన్ని చదివి, నడిపి చూసి, కలిపే హక్కు ఆరుగురికి ఉంది. వారిలో ఆమె ఒకరు, అందుకే గేటక్క. ఈ ఉద్యోగంలో చేరకముందు ఆ ప్రాజెక్టుకు మూడేళ్ళు జీతం లేకుండా పనిచేస్తే ఇచ్చిన హక్కు అది. ఆమె చేరిన వారంలోనే కంపెనీ యజమాని ఆమె ఫొటో వెబ్‌సైటులో పెట్టించి, కింద ఆ ప్రాజెక్టు పేరు రాయించాడు.

డబ్బా తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. ఎంటర్ మీట మీద వేలు జారింది. నూనె. మౌసు మీద చిప్స్ పొడి, ఉప్పు. ఆఫీసులో చిప్స్ పొట్లం పట్టుకుని తిరిగేది యజమాని ఒక్కడే. కాగితం రుమాలుతో మీటలు తుడిచి తెర చూసింది.

మార్పు రాసినవారి చోట యజమాని బామ్మర్ది పేరుంది. చూసి ఒప్పుకున్నవారి చోట తన పేరుంది. బామ్మర్ది ఆఫీసులో చేరి నెల కాలేదు.

ఆమె మార్పు చదివింది. బస్సు రద్దయినా బోర్డు మీద ‘రెండు నిమిషాల్లో’ అనే కనిపిస్తుంది. ఆ లోపాన్ని ఇది సరిచేస్తుంది. చివర, పరీక్షించి చూడటానికి ఒక స్టాపు పేరు పెట్టారు. ‘మా వీధి చివర, చెప్పుల దుకాణం ముందు.’

ఆ పేరు ఆమె ఇంతకుముందు చూసింది. రెండు నెలల కిందట ఒక డ్రాయింగు టీచరు పంపిన మార్పులో ఉంది. బోర్డును నమ్మి ఆ దుకాణం ముందు గంటసేపు వర్షంలో తడిశానని, ఆ కోపంతో కోడు రాయడం నేర్చుకున్నానని ఆయన రాశాడు. ‘ఈ వారం చూస్తాను’ అని ఆమె జవాబిచ్చింది. ఆయన గుర్తుచేస్తే ‘కాస్త తీరిక దొరకనివ్వండి’ అంది. చూడలేదు.

బామ్మర్ది రెండు బల్లల అవతల ఫోన్లో ఆట ఆడుతున్నాడు.

“ఈ చెప్పుల దుకాణం ఎక్కడుంది?” అని అడిగింది.

“ఏ దుకాణం అక్కా?”

“నువ్వు రాసిన దాంట్లోదే.”

“ఓ, అదా. ఊరికే, ఉదాహరణకి పెట్టా.”

“అక్కడ బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డావు?”

“నాకు కారుంది కదక్కా,” అన్నాడు.

ఆమె యజమాని గదికి వెళ్ళింది. ఆయన వేళ్ళకంటిన ఉప్పు నాకుతున్నాడు.

“రా చెల్లెమ్మా, కూర్చో.”

ఆయన చెల్లెమ్మా అన్నాడంటే ఏదో పనిబడిందని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆమె కూర్చోలేదు.

“నా సీట్లో కూర్చుంది మీరేనా సార్?”

“నా ఆఫీసులో కుర్చీకి నీ పర్మిషన్ అడగాలా? తెర తెరిచిపెట్టి పోయింది నువ్వు.”

“అది ఇంకొకాయన రాసింది. మీ బామ్మర్ది పేరు తగిలించుకున్నాడు.”

“ఓపెన్ సోర్స్ అంటే ఏంటమ్మా? ఎవరైనా తీసుకోవచ్చనేగా? మావాడు తీసుకున్నాడు.”

“కోడు తీసుకోవచ్చు. రాసినవాడి పేరు చెరపకూడదు.”

“సరే, కింద ఎక్కడో థాంక్స్ అని రాద్దాంలే. ఎల్లుండి క్లయింటొస్తాడు. ప్రాజెక్టులో మావాడి పేరు చూపించాలి. రెండ్రోజులు నోరు మెదపకు, ఆ తరవాత నీ ఇష్టం.” పొట్లం ఆమె వైపు జరిపాడు. “తిను.”

ఆమె సీటుకు వచ్చేసరికి డ్రాయింగు టీచరు సందేశం ఉంది. అందరూ చదవగలిగే చోటే రాశాడు.

‘మేడమ్, నాది చూడటానికి రెండు నెలలు మీకు తీరిక లేదు. అదే కోడు మీ ఆఫీసు అబ్బాయి పంపితే పది నిమిషాల్లో కలిపేశారు. కనీసం చెప్పుల దుకాణం తీసేసి కిరాణా కొట్టయినా పెట్టాల్సింది.’

కింద మిగిలిన ఐదుగురిలో ఒకాయన ‘సంజాయిషీ కావాలి’ అని రాశాడు.

తెలిసైనా తెలియకైనా తన ఖాతా ఇంకొకరి చేతికి చిక్కనిస్తే కలిపే హక్కు పోతుంది. అది ప్రాజెక్టు నియమం. ఆ నియమం రాసింది ఆమే.

భర్తకు ఫోన్ చేసింది.

“ఉద్యోగం పోవచ్చు.”

“ఏం చేశావు?”

“ఏం చెయ్యలేదు. రెండు నెలలు.”

“చెయ్యకపోతే తీసేస్తారా?”

“ఇప్పుడు చేస్తే తీసేస్తారు.”

“అయితే చేసెయ్. రోజూ రాత్రి అన్నం దగ్గర ఆయన వేళ్ళు నాకడం గురించి వినే బాధ తప్పుతుంది నాకు.”

ఆమె ముందుగా బామ్మర్ది పేరుతో కలిసిన మార్పును వెనక్కి తీసింది. తరవాత డ్రాయింగు టీచరు మార్పు తెరిచి ప్రతి వరుసా చదివింది, నడిపి చూసింది. ఇరవై నిమిషాలు పట్టింది. తప్పేమీ దొరకలేదు. ఆ తరవాత అందరికీ కనిపించేలా రాసింది.

‘ఒకటీ నలభైకి నా ఖాతాతో మార్పు కలిపింది నేను కాదు, మా యజమాని. తెర మూయకుండా వెళ్ళింది నేను. ఆ మార్పు డ్రాయింగు టీచరుగారి నుంచి ఎత్తింది. ఆయనది రెండు నెలలు చూడకుండా ఉంచింది కూడా నేనే. ఈ రోజు చూశాను, సరిగ్గా ఉంది. దయచేసి వేరొకరు కలపండి. నియమం ప్రకారం నా హక్కు తీసేయండి.’

సందేశం పంపి, మీటలు మరోసారి తుడిచింది. సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. సంచీలో డబ్బా పెట్టుకుంటుంటే యజమాని గదిలోంచి వచ్చాడు. ఫోన్ చేతిలో ఉంది. ఈసారి చెల్లెమ్మా అనలేదు.

“ఇంట్లో గొడవ ఇంట్లో తేల్చుకోవాలి. వీధిలో పెడతావా?”

“మీరు వీధిలోంచి ఎత్తుకొచ్చారు సార్. అక్కడే పెట్టాను.”

“రేపటి నుంచి రానక్కర్లేదు.”

బామ్మర్ది ఫోన్లోంచి తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం డ్రాయింగు టీచరు మార్పు ఆయన పేరుతోనే కలిసింది. స్టాపు పేరు మార్చలేదు. మరో గంటకు, కలిపే హక్కున్నవారి జాబితాలో ఐదు పేర్లే మిగిలాయి. గేటక్క రాసినదానికి డ్రాయింగు టీచరు జవాబివ్వలేదు.

బుధవారం కంపెనీ వెబ్‌సైటులోంచి ఆమె ఫొటో తీసేశారు. ఆ చోట బామ్మర్ది ఫొటో ఉంది. కింద ప్రాజెక్టు పేరు అలాగే ఉంది.