మైకులో ఎత్తకూడని మోకాలు

ఈ స్టేడియం కట్టినవాడెవడో గానీ, వాడి దుంప తెగ, రేడియో వాళ్ళ బల్లని తీసుకెళ్ళి అన్ని మెట్ల పైన పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం ఆట. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో కాఫీ, మెట్టు మెట్టుకీ ఒక తిట్టు. పైకి చేరేసరికి చొక్కా తడిసిపోయింది.

"ఏరా ఆర్లిస్, ఇవాన్స్‌విల్ ఊరు మొత్తానికి పొడుగు నువ్వే, అందరికంటే ఆలస్యమూ నువ్వే," అన్నాడు వెర్నన్.

"నీకేం, జన్మలో పరిగెత్తిన పాపాన పోలేదు. మోకాళ్ళు కొత్తవాటిలా మెరుస్తుంటాయి."

బంతి ఎవరి చేతిలో ఉందో వెర్నన్ చెబుతాడు, అక్కడికెలా వచ్చిందో నేను చెబుతాను. రేడియో వ్యాఖ్యాతలుగా మా పని అంతే. నేను మా ఊరి మిల్‌రైట్స్ బాస్కెట్‌బాల్ జట్టుకి సెంటర్‌గా ఆడిన రోజుల్లో కూడా రేడియోలో ఆయనే. నాకు ఇరవయ్యేడో ఏట, అందరూ చూస్తుండగా మోకాలు పోయింది. మరుసటేడు నన్ను పట్టుబట్టి ఈ కుర్చీలో కూర్చోబెట్టాడు. "వాడు రాకపోతే నేనూ రాను" అన్నాడట. ఆట అయ్యాక నేను ఆయన భుజం మీద చెయ్యేసి మెట్లు దిగడం కూడా అప్పటినుంచీ ఉన్నదే.

ఇప్పుడు విసుగొచ్చేసింది. అదే విమానం, కాళ్ళు బయటికి వేలాడే అదే హోటల్ మంచం, అదే పంది మాంసం శాండ్‌విచ్. నా గొంతు నాకే వెగటు. కానీ ఈ వేసవిలో మోకాలు మార్పించుకోవాలి. ఖర్చంతా రేడియో వాళ్ళ బీమాదే. అందాకా నోరు అదుపులో పెట్టుకుంటే చాలు.

అదుపులో పెట్టుకోవడమంటే మరేం లేదు. మా రేడియో స్టేషన్ జట్టు సొత్తే. జట్టు ప్రకటించేదాకా ఆటగాడి కాలు గురించి గానీ, నడుము గురించి గానీ మైకులో ఎత్తకూడదు. ఎత్తినవాడు ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోడు.

ఆవేళ ఆట మొదలైన కాసేపటికే జర్విస్ ప్రూయిట్ మీద నా కళ్ళు పడ్డాయి. కొత్త సెంటర్, ఇరవై రెండేళ్ళవాడు, బంగారం లాంటి ఆట. దూకి దిగేటప్పుడు బరువంతా ఎడమ కాలి మీదే. కుడికాలిని ఆ తర్వాత, కాలుతున్న నేల మీద పెట్టినట్టు పెడుతున్నాడు. ఆ అడుగు నాకు బాగా తెలుసు.

విరామంలో మైకులు కట్టేసి ఉండగా అడిగాను. "చూశావా వాణ్ణి?"

"చూశాను," అన్నాడు వెర్నన్, కాగితాలు సర్దుతూ. "నీ మోకాలి సంగతి చూసుకో ముందు."

ఇయర్‌ఫోన్‌లో మా రేడియో మేనేజర్ కీత్ గొంతు. "కుర్రాడి కాలు ఊసెత్తకండి. నొప్పి తెలియకుండా డాక్టరు సూదేశాడు. ఆడతాడు."

సూది! నాకూ వేశారు అప్పట్లో. ఎంత హాయిగా ఉండిందో, మోకాలు పోయేదాకా.

మూడో వరుసలో పసుపు టోపీతో ఒడెస్సా కూర్చుని ఉంది. జర్విస్ నానమ్మ, వాణ్ణి పెంచిన మనిషి. మా ఊరివాళ్ళకో అలవాటు. ఆట కళ్ళెదుటే జరుగుతున్నా చిన్న రేడియో తెచ్చుకుని చెవిలో వెర్నన్‌ని పెట్టుకుంటారు. ఆయన చెబితేగానీ చూసింది నమ్మరు. ఒడెస్సా కూడా అంతే.

ఆటలో చివరి పావుభాగం. జర్విస్ బంతి కోసం ఎగిరి, దిగి, బుట్ట స్తంభం పట్టుకుని నిలబడిపోయాడు. మళ్ళీ పరుగందుకున్నాడు పిచ్చివెధవ. ఛీ, ఇక నావల్ల కాలేదు.

"వెర్నన్," అన్నాను మైకులోనే, "జర్విస్ కుడి మోకాలు పోయేలా ఉంది. నాది పోయేముందు నేనూ ఇలాగే నడిచాను. ఇంకొక్కసారి దూకితే చాలు. వాణ్ణి తీసెయ్యాలి."

"వాడి మైకు కట్టెయ్!" కీత్ చెవిలో అరిచాడు. "వెర్నన్, కట్టెయ్!"

మీట వెర్నన్ చేతి కిందే ఉంది. పసుపు టోపీ లేచింది. ఒడెస్సా మా వైపు తిరిగి, చెవిలో రేడియో వేలితో నొక్కిపెట్టి నిలబడింది. ఆమె చూస్తున్నది నన్ను కాదు, వెర్నన్‌ని. నా మాట ఆమెకి చాల్లేదు.

వెర్నన్ మీట మీంచి చెయ్యి తీసేశాడు.

"ఒడెస్సా గారూ, ఆర్లిస్ చెప్పింది నిజం. మొదటినుంచీ నేనూ చూస్తున్నాను. మీ మనవడికి బాగాలేదు."

ఆమె ఆటగాళ్ళ బెంచి దగ్గరికి దిగింది. జనం దారిచ్చారు. బెంచి దగ్గర చప్పుళ్ళ కోసం పెట్టిన మైకులో ఆ తర్వాతదంతా ఊరు వినింది.

"ఏమయ్యా కోచ్, నా మనవణ్ణి ఇటు పంపు."

"నానమ్మా, వెళ్ళి కూర్చో! పరువు పోతోంది!"

"పోనీరా. రేపు నిన్ను ఎత్తుకు తిరిగే ఓపిక నాకు లేదు. రా ఇటు."

కోచ్ ఆట ఆపించాడు. జర్విస్ కుంటుకుంటూ వచ్చి కూలబడ్డాడు. ఆట మేం ఓడిపోయాం, జనం మమ్మల్నే తిట్టారు. రేపటినుంచి ఇద్దరూ రానక్కర్లేదన్నాడు కీత్. సరే, నా కొత్త మోకాలికి అక్కడితో మంగళం.

స్టేడియం ఖాళీ అయింది. తీగలు చుట్టుకుంటుంటే వెర్నన్ అన్నాడు, "మీ అమ్మ కూడా ఆ మూడో వరుసలోనే కూర్చునేది."

"అవును. రేడియో పెట్టుకుని."

"నీ మోకాలు పోయిన రోజు, కాలు తేడాగా ఉందని నాకు ముందే తెలుసురా. 'ఆర్లిస్‌కేం, రాయిలా ఉన్నాడు' అన్నాను మైకులో. ఆవిడ పైకి చూసి నాకు చెయ్యూపింది."

చనిపోయేదాకా అమ్మ అదే అనేది, "బాగున్నాడని వెర్నన్ చెప్పాడు కదరా" అని. అందుకా ఈ కుర్చీ! ముప్ఫయ్యేళ్ళుగా నేను కృతజ్ఞత చెప్పుకుంటూ వచ్చింది దీనికా! కోపం వచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ ముసలాడని కూడా చూడకుండా ఒక్కటివ్వాలన్నంత వచ్చింది.

ఆయన కోటు వేసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళి, ఎప్పటిలాగే నాకు ఒక మెట్టు కింద నిలబడ్డాడు.

రెండు మెట్లు కర్రతోనే దిగాను. మూడో మెట్టు దగ్గర మోకాలు నిలవలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేశాను.