సమాధి మీద వేరుశనగ సాలు

విచారణకు రెవెన్యూ ఆఫీసు నుంచి ఆర్‌ఐ సారు వచ్చే రోజు పొద్దున్నే, ఆయన కంటే ముందు నేనొకసారి చూసి రావాలని నాయన సమాధి దగ్గరికి వెళ్లాను. అక్కడ కనబడకూడనిది ఏదీ ఉండదని నాకు ధీమాగానే ఉండింది. మట్టి దిబ్బ, నక్కలు తవ్వకుండా చుట్టూ పేర్చిన రాళ్లు, అంతే. సిలువ పెట్టనివ్వకుండా అడ్డం పడింది నేనే.

నాయన పేరు పాపన్న. మే నెలలో కిడ్నీలు పాడై చనిపోయాడు. మామూలుగా ఊళ్లో ఎవరు పోయినా అందరికంటే ముందు ఏడ్చే మనిషిని నేను. నాయన పోయి మూడు నెలలు దాటినా నాకు ఏడుపు రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కితే గిచ్చినా తెలియదు చూడండి, అలా లోపలంతా తిమ్మిరెక్కింది. తినమంటే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను.

ఆయన పోవడానికి ముందే నేను టీచరు ఉద్యోగానికి ఎస్సీ కోటాలో ఎంపికయ్యాను. జాబితా వచ్చిన వారానికి ఎవరో పేరు లేని అర్జీ పెట్టారు. కృపాకుమారి కుటుంబం క్రైస్తవులు, ఆమె కుల ధ్రువీకరణ పత్రం చెల్లదు, రద్దు చేయండి అని. అది పోతే ఉద్యోగమూ పోతుంది. అర్జీలో అబద్ధం ఒక్కటీ లేకపోవడమే నాకు వచ్చిన చిక్కు. మా తాత కాలం నుంచీ మేము చర్చికి పోతాం. చట్టం ప్రకారం క్రైస్తవంలో కలిసినవాళ్లు ఎస్సీలు కారు, బీసీలు. అంటే కాగితం మీద ఒక మెట్టు పైకెక్కుతాం. ఆ మెట్టు మా ఊళ్లో ఎక్కడుందో చూపించమని అడగాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఎవరిని అడగాలో తెలియలేదు. టీవీలో ఇస్త్రీ చొక్కాలవాళ్లు దీని మీద గంటలకొద్దీ వాదించుకుంటారు. మా ఇంట్లో ఆ వాదన నాయన శవం పక్కన ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

తన తల దగ్గర సిలువ పెట్టమని నాయన ఆస్పత్రిలో అమ్మ చెయ్యి పట్టుకుని అడిగాడట. పాస్టరు శశికుమార్ అయ్యగారు వేపచెక్కతో సిలువ చేయించి తెచ్చారు. వద్దన్నాను. మావాళ్లు ఏ దేవుడికి మొక్కినా శవాన్ని పూడ్చడమే కాబట్టి సమాధిని చూసి ఎవరూ ఏమీ అనలేరు, సిలువను చూస్తే మాత్రం విచారణ అక్కడితో అయిపోతుంది. మనుషులకు భయపడి దేవుణ్ణి దాచిపెడుతున్నావా తల్లీ అని అడిగారు అయ్యగారు. దాచిపెడుతున్నానన్నాను. ఆయన ఆ సిలువను మళ్లీ బండికి కట్టుకుని తీసుకెళ్లారు. అమ్మ చౌడమ్మ ఆ బండి పోయిన వైపే చూస్తూ నిలబడింది.

ఆ రోజు పొద్దున ఎండిన వంక గట్టు ఎక్కి చూస్తే, నాయన దిబ్బ మీద వేరుశనగ పెరుగుతోంది. జానెడు మొక్కలు. తల నుంచి కాళ్ల దాకా ఒక సాలు, భుజాలుండే చోట అడ్డంగా ఇంకో సాలు. ఎవరో వేలితో గీసినట్టు పచ్చటి సిలువ, దాని నిండా పసుప్పచ్చటి చిన్న పూలు.

ఎవరు వేశారో ఆలోచించాల్సిన పని లేదు. జూలైలో ఒక్క పదును వాన పడింది, ఆ తర్వాత చుక్క లేదు. ముదిగుబ్బ దాకా అందరి చేలూ వాడి నేలకంటుకుని పోయాయి. అమ్మ మాత్రం రోజూ సాయంత్రం నీళ్ల సీసా పట్టుకుని మేకకు గడ్డి తెస్తానని వెళ్లేది. గడ్డిపోచ మొలవని ఏడు ఏ గడ్డికి పోతోందని నేను ఒక్క రోజూ అడగలేదు. అడిగేంత తెలివి అప్పుడు నాలో లేదు.

నాయన బతుకంతా ఊరి ఆసామి తిమ్మప్ప చేలో కూలిపనిలోనే గడిచింది. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో నన్ను సాలు మధ్య కూర్చోబెట్టుకుని కొమ్మ ఎత్తి చూపించేవాడు. "పూసేది పైన, కాసేది మన్నులో. ఇట్లాంటి చెట్టు యాడన్నా చూసినావా పాపా? పువ్వు వాడిపోతానే పని అయిపాయ అనుకుంటాం మనం. అది తల వంచుకుని మన్నులోకి పోయి, ఆడ మొదలుపెడతాది" అనేవాడు. ఇంత చిన్న చెట్టుకు దేవుడు ఇంత తెలివి ఎందుకు పెట్టాడా అని ఆశ్చర్యపోయేవాడు. ప్రతి ఏడూ అంతే ఆశ్చర్యం, కిందటి ఏడు చూడనట్టే. తర్వాత బీఎస్సీలో నేను దాని శాస్త్రమంతా చదువుకున్నాను. నాయన చెప్పిందే బాగుండింది.

నిట్టనిలువుగా ఒక్క సాలు ఉంటే అది వట్టి వేరుశనగ. అడ్డంగా ఇంకోటి ఉంటేనే నేరం. వంగి అడ్డసాలు పెరకడం మొదలుపెట్టాను. ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. ఊడల కొసల్లో బియ్యపు గింజంత తెల్లటి కాయలు అప్పుడే కడుతున్నాయి. కలుపు తీసినట్టే తీశాను. నాకేమీ అనిపించలేదు, అనిపించడం లేదన్న సంగతి మాత్రం తెలుస్తూ ఉండింది. పెరికినవన్నీ చున్నీలో మూటగట్టి తెచ్చి మేకకు వేశాను.

పదకొండింటికి ఆర్‌ఐ సారు వచ్చాడు. గోడ మీద ఏసు పటం తీసిన చోట సున్నం తెల్లగా తేలి కనబడుతుంటే, దాని మీద ముందే ఎరువుల అంగడి క్యాలెండరు తగిలించి ఉంచాను. అమ్మ పేరు అడిగి, గ్రామదేవత పేరే కదా అని సంతోషంగా రాసుకున్నాడు. చర్చికి పోతారా అని అడిగాడు. నలభై ఏళ్లుగా ప్రతి ఆదివారం ముందు చాప మీద కూర్చునే మా అమ్మ ఆయన మొహంలోకి చూసి "పోము సారూ" అంది.

సాక్ష్యానికి తిమ్మప్పను పిలిపించారు. ఆయన తువ్వాలు దులుపుకుని అరుగు మీద కూర్చున్నాడు. పాపన్న మంచివాడని, ముప్పై ఏళ్లు తన చేలో నమ్మకంగా చేశాడని చెప్పాడు. తర్వాత, అసలు సంగతి ఇది అన్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"ఏ దేవునికి మొక్కితే ఏముండాది సార్. ఈ పొద్దుకీ మా ఇంట్లో వాళ్ల గ్లాసు వేరే. బయట గూట్లో ఉండాది, కావాలంటే రండి, చూపిస్తా. ఎస్సీలు కాకుంటే వేరే గ్లాసు యాలప్పా?"

ఆయన మాకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు. నిజానికి సాయమే చేశాడు. ఆర్‌ఐ సారు గ్లాసు సంగతి రాసుకోలేదు కానీ తల ఊపాడు. ఇంకెప్పుడైనా అయితే నాకు ఒళ్లు మండిపోయేది. ఆ రోజు తిమ్మప్పకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

చివరికి సమాధి చూడాలన్నాడు సారు. దిబ్బ దగ్గర నిలబడి, సమాధి మీద ఈ చెట్లేమిటని అడిగాడు. అమ్మ ముందు కుడివైపు గుంటలు చూసింది, తర్వాత ఎడమవైపు గుంటలు. తర్వాత నా గోళ్లు చూసింది. గోళ్ల నిండా ఎర్రమట్టి ఉంది, కడుక్కోవాలని నాకు తోచలేదు.

"ఆయప్పకు శెనక్కాయలంటే పానం సారూ" అంది.

సారు ఫోనుతో ఫొటో తీసుకున్నాడు. ఫొటోలో ఒక సాలు వేరుశనగ పడి ఉంటుంది. అమ్మతో వేలిముద్ర వేయించుకుని బండెక్కి వెళ్లిపోయాడు. అమ్మ ఆ గుంటల్లోకి కాలితో మట్టి తోసి అదిమింది. నన్ను తిట్టలేదు. ఆ సాయంత్రం కూడా నీళ్ల సీసా పట్టుకుని వెళ్లింది, కాకపోతే గడ్డికని చెప్పలేదు.

ధ్రువీకరణ పత్రం సరైనదేనని దసరా దాటాక ఉత్తర్వు వచ్చింది. గుత్తి దగ్గర ఒక పల్లెలో బడి ఇచ్చారు. అందరూ సంతోషపడ్డారు, నేనూ పడుతున్నట్టు కనబడ్డాను. నవంబరు మొదట్లో ఒక పొద్దున అమ్మ, నేను రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. అమ్మ కొంగు ముడి విప్పింది. అందులో ఉప్పేసి ఉడికించిన వేరుశనగ కాయలున్నాయి, ఇంకా వెచ్చగా. ఆ ఏడు ఊళ్లో ఎవరి చేలోనూ గుప్పెడు కాయలు పండలేదు. ఎక్కడివని నేను అడగలేదు.

ఒక కాయ ఒలిచి, ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గర అయ్యగారు రొట్టె ముక్క పెట్టినట్టు, గింజలు నా అరచేతిలో పెట్టింది. "తిను" అంది. నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉన్నాయి.

అమ్మ ఇంకో కాయ ఒలుస్తూ, పంట సంగతి మాట్లాడినట్టే, కోపం లేకుండా అంది.

"అడ్డసాలు గూడా ఉండనిచ్చింటే ఇంగో దోసెడు అయ్యేవి పాపా."

గింజలు నోట్లో ఉండగానే నాకు ఏడుపు వచ్చింది. మే నెల నుంచి రానిదంతా వచ్చింది. నాయన చచ్చిపోయాడని, ఆయన అడిగిన ఒక్క కోరికను నా చేత్తో రెండుసార్లు పెరికేశానని, అప్పుడు తెలిసింది నాకు. అంతలో ధర్మవరం వైపు నుంచి బస్సు వచ్చింది. అమ్మ ఒక చెయ్యి చాపి బస్సు ఆపింది, ఇంకో చేత్తో నా మొహం తుడిచింది.