దొడ్డుప్పుకు రెండు మార్కులు

ఎల్లారెడ్డి దగ్గరి ఓ ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పే లిదియా టీచరుకు పేపర్లు దిద్దేటప్పుడు మొహమాటం ఉండదు. తప్పంటే తప్పే. కామారెడ్డిలో జరిగే జిల్లా క్విజ్‌కు బడి నుంచి ఒక్కరినే పంపాలి కాబట్టి తొమ్మిదో తరగతికి పరీక్ష పెట్టింది. మీ వంటింట్లో ఉండే పాలు, చక్కెర, ఉప్పు వగైరాల్లో ఏది మిశ్రమం, ఏది సమ్మేళనం అని అందులో అడిగింది.

సిద్దార్థకు ఇరవై నాలుగు వచ్చాయి. ఆశ్రితకు ఇరవై మూడు. ఉప్పు మిశ్రమమని రాసి రెండు మార్కులు పోగొట్టుకుంది. సోడియం, క్లోరిన్ కలిసి ఒక్కటైపోయిన సమ్మేళనం గదా ఉప్పు! అంత చురుకైన పిల్ల ఇంత తేలిక ప్రశ్న దగ్గర బోల్తా పడిందేమని లిదియాకు ఒళ్లు మండింది. పొద్దున్నే సిద్దార్థకు నువ్వే పోతున్నావని చెప్పేసింది. మధ్యాహ్నంలోపు క్విజ్‌కు పేరు రాసి ఫారం పంపాలి.

ఇంటర్వెల్లో ఆశ్రిత పేపరు పట్టుకొని వచ్చింది. ఇంకో చేతిలో స్టీలు గ్లాసు. బడిలో మధ్యాహ్నం వంట చేసే సుభద్రమ్మ ఆ పిల్ల అవ్వే.

"టీచర్, అవ్వ దొడ్డుప్పు గట్లనే పప్పుల వెయ్యది. నీళ్లల్ల కరగబెట్టి, తేరినంక పైనీళ్లే పోస్తది. అడుగున సూడుండ్రి."

గ్లాసు అడుగున గోరంత మందాన నల్లమట్టి.

"అది మట్టి. ఉప్పు కాదు."

"డబ్బల ఉన్నప్పుడు రెండిటినీ కలిపి ఉప్పే అన్నం గద టీచర్. మీరు వంటింట్ల ఉప్పు అడిగిన్రు."

లిదియా గ్లాసు అందుకొని అడుగు చూసింది. ఆ పొద్దున తన అద్దెగదిలో పప్పులో తాను పోసిందీ తేరిన ఉప్పునీళ్లే. అడుగు మట్టిని మోరీలో పారబోసి, చెయ్యి తుడుచుకొని బడికొచ్చి, ఈ పిల్ల జవాబుకు సున్నా చుట్టింది. సిగ్గేసింది. ఎర్రపెన్ను తీసి రెండు మార్కులూ వేసింది.

తర్వాత సిద్దార్థను పిలిచి, దిద్దడంలో తప్పు నాదేనని దాచకుండా చెప్పింది. వాడి మొహం చిన్నబోయింది.

ఫారంలో ఆశ్రిత పేరు రాయబోతూ ఆగింది. అక్కడ ముందే రాసిపెట్టుకున్న జవాబుల కాగితం చూసి మార్కులేస్తారు, గ్లాసు చూసి కాదు. ఈ పిల్లను పంపితే మొదటి ప్రశ్నకే ఓడి రావచ్చు. ఆశ్రితను పిలిచింది.

"గక్కడ ఉప్పు మిశ్రమమా, సమ్మేళనమా అని అడిగితే ఏం చెప్తవ్?"



"ఏ ఉప్పు అని అడుగుత, టీచర్."

లిదియా ఇక ఆగకుండా పేరు రాసేసింది.