మూతిదాకా పెట్రోలు

అర్ధవీడు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న హన్నాకు రోజూ మార్కాపురం నుంచి బస్సులు మారి పోయి రావడం విసుగెత్తింది. అన్న విక్టర్ తన పాత కారు అమ్ముతానంటే తానే తీసుకుందామనుకుంది. మైలేజీ ఎంతొస్తుందని అడిగింది.

"మాటలెందుకు, కొలుద్దాం రా" అన్నాడు విక్టర్.

బంకులో ట్యాంకు నింపించి ఇద్దరూ గిద్దలూరు పోయారు. తిరిగొచ్చి అదే బంకులో మళ్ళీ నింపించారు. నడిచిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే పద్దెనిమిది వచ్చింది. దారిలో కంభంలో ఆగి వేడి బజ్జీలు తిన్నారు. చిన్ననాటి సంగతులు చెప్పి విక్టర్ ఆమెను కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వించాడు.

హన్నా చేతికొచ్చాక కారు పెట్రోలును మంచినీళ్ళలా తాగింది. తన నడపడంలోనే లోపముందేమోనని గేర్లు జాగ్రత్తగా మార్చింది, మండే ఎండలోనూ ఏసీ కట్టేసింది. లాభం లేకపోయింది. ఒక సెలవురోజు ట్యాంకు నింపించుకుని ఒంటరిగా గిద్దలూరు పోయొచ్చింది. పధ్నాలుగే వచ్చింది.

బంకులో నింపించేటప్పుడే ఆమెకు విషయం తట్టింది. పంపు టక్కుమని ఆగగానే బంకు మనిషి గొట్టం తీసేశాడు. ఆ రోజు పోయేముందు విక్టర్ అట్లా తీయనివ్వలేదు. కారును ఊపి ఊపి, "ఇంకా పడతది, పొయ్యి" అంటూ మూతిదాకా పోయించాడు. తిరిగొచ్చాక మాత్రం టక్కుమనగానే "చాలు, తీసెయ్" అన్నాడు. రెండోసారి తక్కువ పట్టింది అందుకే. అప్పుడు ఆమె పక్కనే నిలబడి చూస్తూ ఉంది.

నేరుగా అన్న ఇంటికి పోయింది.

"రెండోసారి టక్కుమనగానే ఎందుకు ఆపించినావన్నా?"

"ముందు ఇద్దరు ముగ్గురు చూసి పోయినారు హన్నా. ఎవురూ తీసుకోలా" అన్నాడు విక్టర్.

"అందుకని నాకు అంటగట్టినావా?"

"బయటోళ్ళయితే సొంతంగా ఇంకోసారి కొలుచుకుంటారు. నువ్వు నా మాట నమ్ముతావు గదా."

అదేదో మెచ్చుకోలు మాటలాగే అన్నాడు. వదిన ఫెబీ తెచ్చిన టీ ముట్టకుండా హన్నా లేచింది.

కారును ఆమె అమ్మలేదు. నిజం చెబితే ఎవరూ కొనరు, అబద్ధం చెప్పడం ఆమెకు రాదు.

ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి ముందు విక్టర్ చెయ్యి చాపాడు. అందరికీ చెప్పినట్టే అతనికీ వందనాలు చెప్పి కారెక్కింది. అన్నా అని మాత్రం పిలవలేదు.