పలక పొడి

ఎవరినడిగి కారు తీసిందని ఒక్కరైనా అడిగారా, అడగరు, పదహారు రోజులుగా ఇంటికొచ్చిన ప్రతివాడూ మీ బుష్రా భలే పని చేసిందంట గదా యాకూబ్ భాయ్ అనేవాడే, బిడ్డంటే అట్ల ఉండాల అనేవాడే, చాయ్ తాగి గ్లాసు అరుగు మీద పెట్టి పోయేవాడే, స్కూటీ తాళంచెవితో కారు స్టార్ట్ చేయడం భలే పనంట, రేపు ఎవడో దొంగవెధవ బీరువా తాళంచెవి పెట్టి తోలుకుపోతే అప్పుడూ భలే అంటారేమో, యాకూబ్ బానెట్ కింద వంగి బ్యాటరీ వైరు విప్పుతున్నాడు, పానా జారి వేలి కణుపు చీరుకుపోయింది, థూ దీనెమ్మ, ఎవరైనా చూశారేమోనని తలెత్తితే గడప మీద బుష్రా, ఒళ్లో బడిపిల్లల పరీక్ష పేపర్లు, చేతిలో ఎర్ర పెన్ను, చూసింది, చూడనట్టు తల దించుకుంది, ఆ దించుకోవడం చూస్తేనే ఒళ్లు మండుతుంది అతనికి, నోరు తెరిచి ఎదురు చెప్పినా బాగుండు, నాలుగు తిట్టి చేతులు దులుపుకోవచ్చు, చెప్పదు, అచ్చం తల్లి పోలిక.

తల్లి లోపల మంచం మీద ఉంది, కమ్రున్నీసా, గుండెకు స్టెంట్ వేయించుకుని ఒంగోలు నుంచి వచ్చి వారమైంది, గట్టిగా మాట్లాడొద్దన్నారు డాక్టర్లు, ఆమెను కాదు, ఆమె దగ్గర ఇతన్ని, ఇదొక అవమానం, శివరాత్రి నాడు తను గిద్దలూరులో చెల్లెలి కొడుకు నిఖాకు పోతే తప్పయిందా, రంజాన్ నెల రాకముందే కానీయాలని వాళ్ల తొందర వాళ్లది, రైలెక్కి పోయాడు, పెళ్లి హాల్లో బ్యాండు మోతలో ఫోను వినపడకపోవడం కూడా తప్పేనా, పన్నెండు మిస్డ్ కాల్స్, పన్నెండూ బుష్రావే, ఇక్కడేమో ఆటోలు, జీపులు ఏవుంటే అవి దోర్నాల దాకా శ్రీశైలం జనాన్ని తోలడానికి పోయినాయట, అంబులెన్సు అప్పటికే ఇంకో కేసు మీద ఉందట, చెమటలు కారిపోతున్న తల్లిని స్కూటీ వెనకాల కూర్చోబెట్టలేక ఈ పిల్ల ఆ స్కూటీ తాళంచెవే, తలుపు లాక్ పడని కారులో దూర్చి తిప్పిందట, తిరిగిందట, తల్లిని వెనక సీట్లో పడుకోబెట్టి ఊరి చివరి నుంచి ఆస్పత్రి దాకా తోలిందట, అసలు డ్రైవింగ్ ఎప్పుడు నేర్చుకుందో అదీ తెలియదు తనకు, భవాని టీచర్ కారులో నేర్చుకున్నా నాయనా, స్కూలు అయినాక, రెండు నెలలు, అని చెప్పింది, చేతులు కట్టుకుని మరీ చెప్పింది, రెండు నెలలు ఇంట్లో ఇంత పెద్ద అబద్ధం పెట్టుకుని తిరిగిందన్నమాట, పావుగంట ఆలస్యమయ్యుంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నాడు డాక్టరు, ఆ ముక్క పట్టుకుని ఊరంతా వాయిస్తున్నారు, సరే, బతికింది, అల్లా దయ, అయితే మాత్రం ఇంటి పెద్దకు ఒక మాట చెప్పక్కర్లేదా, చెప్పడానికే పన్నెండు సార్లు చేసినా గదా నాయనా అంటుందేమో, అనదు, అనకుండా పేపర్లు దిద్దుతుంది, ఆ పేపర్లు పొయ్యిలో పెడితే సరి.

మెకానిక్‌ని పిలిస్తే పది నిమిషాల పని, పిలవడు, వాడూ వచ్చి భలే పని చేసిందంట అంటాడు, స్టీరింగు కింది ప్లాస్టిక్ డొప్పకు మూడు స్క్రూలు, విప్పితే లోపల లాక్ కనపడింది, స్టీరింగు రాడ్డును కావలించుకుని, దానికి రెండు బోల్టులు, రెండిటికీ తలలు లేవు, బిగించేటప్పుడే తల తెగిపోయేట్టు చేస్తాడు కంపెనీవాడు, దొంగ విప్పకుండా, దొంగ ఇంట్లోనే ఉంటే ఏం చేస్తావురా కంపెనీవాడా, అదీ చెప్పు, ఉలి తెచ్చి బోల్టు అంచున పెట్టి సుత్తితో కొట్టాడు, ముప్పై ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో రాయిని పొరలు పొరలుగా చీల్చిన చేయి, ఇనుము లెక్కా, ఠంగుమని మొదటి దెబ్బకే లోపల మంచం కిర్రుమంది, ఏందా చప్పుడు బుష్రా, అని సన్నగా కమ్రున్నీసా గొంతు, నాయన కారు బాగు చేస్తున్నాడమ్మా, పడుకో, ఎందుకంట ఇప్పుడు, అది బాగానే ఉంది గదా, బాగానే ఉందంట, ఇరవై నాలుగేళ్ల మారుతి ఏ తాళంచెవి పెడితే దానికి తిరుగుతుంటే బాగానే ఉన్నట్టు, ఈమె ఎప్పుడూ ఇంతే, కొన్న రోజే అడిగింది, రెండు తాళంచెవులు ఇచ్చినాడు గదా బుష్రా నాయనా, ఒకటి ఇంట్లో ఉంచరాదా అని, ఆడోళ్లకెందుకే కారు తాళంచెవి, తోలతారా ఏంది, అని తను నవ్వి రెండూ గుత్తికే వేసుకున్నాడు, ఇంటిది, బీరువాది, ఫ్యాక్టరీ షెడ్డుది, షెడ్డు మూసి ఆరేళ్లయినా దానిదీ, గుత్తి మొలకు వేలాడితే అదొక ధైర్యం, ఆ రోజూ వేలాడింది, నిఖా మండపంలో, బిర్యానీ ముందు, రెండు తాళంచెవులూ, ఆ ఆలోచన వద్దు, రెండో బోల్టు కదిలింది, కొట్టు.

లాక్ చేతిలోకి ఊడి వచ్చింది, చూశావా ఎట్ల చేసినావో, పొద్దున కూడా అరిచాడు, నీ స్కూటీ తాళంచెవి దూర్చి దూర్చి దీన్ని నాశనం చేసినావు, ఆ ఒక్క రోజే నాయనా అంది, ఒక్క రోజుకే ఇంత అరుగుతుందా, నాకు చెవుల్లో పూలున్నాయా, ఇప్పుడు చూపిస్తా, లోపల నొక్కు పడి ఉంటుంది, అందరికీ చూపిస్తా, అని లాక్‌ను బోర్లించి అరచేతిలో తట్టాడు, పొడి రాలింది, ఇంకోసారి తట్టాడు, ఇంకా రాలింది, బూడిద రంగు, సన్నగా, వేళ్ల మధ్య రుద్దితే గరగర, ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేదు అతను, ముప్పై ఏళ్లు పీల్చిన పొడి, కనుబొమల మీద, కంచంలో, దగ్గులో ఉన్న పొడి, పలక పొడి, ఇదెట్ల వచ్చింది ఇందులోకి, ఎట్లొచ్చిందేంది, నువ్వే వేశావు, ఏడెనిమిదేళ్ల కిందట లాక్ బిగుసుకుంటోందని స్పేర్ పార్ట్స్ రంగనాయకులు దగ్గరికి పోతే నూనె వేయొద్దు భాయ్, గ్రాఫైట్ పొడి వెయ్యి, నల్లగా మెత్తగా ఉంటాది అని చిన్న డబ్బా చూపించాడు, ఇంతేగదా, పొడికి కూడా దుకాణానికి రావాల్నా, మా షెడ్డులో బస్తాలు బస్తాలుంది అని నవ్వి వచ్చేశాడు, కాగితం గొట్టం చుట్టి నెలకోసారి లోపలికి ఊదాడు, ఎవరికీ చెప్పలేదు, తన తెలివికి తనే మురిసిపోయాడు, రాతి పొడిరా అది, లాక్ లోపలి ఇత్తడిని నూరేస్తుందని రాయి కోసేవాడికి తెలియొద్దూ, ఏడెనిమిదేళ్లు తనే ఊది తనే తిప్పి తనే నూరాడు, థూ, ఈసారి ఎవరిని అనాలి, గడప వైపు చూశాడు, బుష్రా దిద్దుతూనే ఉంది, అరచేయి లుంగీకి తుడుచుకున్నాడు, పోలేదు, గీతల్లో ఇరుక్కుంది.

చెప్పడు, ఎందుకు చెప్పాలి, తప్పు తప్పే, నిన్న కొని తెచ్చిన కొత్త లాక్ పెట్టాడు, వెనక సాకెట్ గుచ్చాడు, బోల్టులు తల తెగేదాకా బిగించాడు, టక్కుమని ఒకటి, టక్కుమని ఇంకొకటి, ఇంక ఎవడి తరమూ కాదు, కొత్త తాళంచెవి పెడితే వెన్నలా తిరిగింది, ఏయ్ బుష్రా, ఆ స్కూటీ తాళంచెవి ఇట్లా తే, ఎందుకు నాయనా, తెమ్మంటే తే, తెచ్చి ఇచ్చింది, ఇప్పుడు చూడు నీ భలే పని, అని దూర్చాడు, సగం పోయి ఆగింది, తిప్పాడు, కదల్లేదు, గట్టిగా తిప్పాడు, కణుపు దగ్గర చీరిన చోట మళ్లీ నెత్తురు వచ్చింది, కదల్లేదు, చూశావా, తిరగదు, ఇంక తిరగదు, అని గెలిచినట్టు తలెత్తాడు, బుష్రా అతన్ని చూడటం లేదు, ఆ లాక్‌నే చూస్తోంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు, ఏందే, ఏమైంది, ఏం లేదు నాయనా, ఆ రోజు కూడా మొదటిసారి తిరగలే, రెండోసారీ తిరగలే, అమ్మ అప్పటికే కళ్లు తేలేసింది, మూడోసారి బిస్మిల్లా అని తిప్పితే తిరిగినాది, అంది, అంతే అంది, పదహారు రోజుల్లో ఈ మాట ఇప్పుడే అంది, తను అడిగితే కదా, ఎవరినడిగి తీసినావన్నాడే గానీ ఎట్ల తీసినావమ్మా అని అడిగింది ఎప్పుడు.

లోపల కమ్రున్నీసా దగ్గింది, ఇద్దరూ అటు చూశారు, దగ్గు ఆగింది, మంచం కిర్రుమంది, ఉంది, బతికే ఉంది, అలవాటు కొద్దీ యాకూబ్ చేయి రెండు కొత్త తాళంచెవులనూ గుత్తికి ఎక్కిస్తోంది, రింగు బిరుసుగా ఉంది, గోరు విరిగేట్టు ఉంది, అయినా ఎక్కిస్తోంది, సగంలో ఆ చేతిని చూశాడు, ఏంరా ఇది, ఇంత జరిగినా మళ్లీ రెండూనా, ఒకటి వెనక్కి లాగి బుష్రా ముందు చాచాడు, పట్టుకో అన్నాడు, కోపం గొంతు ఇంకా దిగలేదు, పట్టుకోమంటుంటే, బుష్రా అందుకుంది, దాని మీద అతని అరచేతి పొడి అంటుకుంది, ఆ లాక్ పాడు చేసింది నువ్వు కాదులే, నేనే, పలక పొడి, అన్నాడు, ఆమెకు అర్థమైందో లేదో, చెప్పాలి, అంతా చెప్పాలి, ఎవరి మీద ఇన్నాళ్లూ అరిచాడు, తెలివితక్కువతనంతో తను నూరి పాడు చేసిన తాళం తిరగబట్టి మనిషి మిగిలింది, తిరక్కపోయి ఉంటే, లాక్ ఈ కొత్తదానిలా దిట్టంగా ఉండి ఉంటే, కమ్రున్నీసా ఆ వెనక సీటు దాకా కూడా వచ్చేది కాదు, కారు తాళంచెవులు మాత్రం, రెండూ, గిద్దలూరులో తన మొలకు భద్రంగా ఉండేవి.