డప్పు వద్దన్న ఉత్తరం

2024 నవంబర్ 14, గురువారం. ఆ పొద్దున నేను తిన్నది జున్ను. పక్కింటి స్వరూప గోడ మీదుగా గిన్నె అందిస్తూ, "ఇయ్యాల మీ ఇంగ్లీషు తియ్యగ రావాలె సార్" అంది. నా భార్య సుశీల వేసినట్టే మిరియాలు దంచి వేసింది. సుశీల పోయి నాలుగేళ్లు. నాకు ఒంటరిగా ఉందని ఎవరితోనూ అనలేదు, గిన్నెలు మాత్రం గోడ దాటి వస్తూనే ఉన్నాయి.

పది గంటలకు స్వరూప భర్త బాలనర్సింహకు ఫోన్లో ఇంటర్వ్యూ. హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో అతనికి ఆరు బర్రెలు, ఒక దున్నపోతు. న్యూజిలాండ్‌లో పాడి ఫారం నడిపే హెలెన్ అనే పెద్దావిడ పనివాళ్ల కోసం చూస్తోంది. ఉద్యోగం ఇస్తానని ఆమె ఉత్తరం రాస్తేనే వీసాకు దరఖాస్తు పెట్టుకోవడం. కాదంటే అక్కడితో సరి. రెండేళ్లు ఏజెంట్ల చుట్టూ తిరిగాక దొరికిన దారి ఇదొక్కటే. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన నేను దుబాసీని.

రోజూ చేసే పని ఉన్నదున్నట్టు చూపిస్తే చాలని ఆవిడ ముందే మెయిల్ పెట్టింది. అతనికి రెండుసార్లు చదివి చెప్పాను.

కొట్టంలోకి వెళ్లేసరికి పాలిచ్చే బర్రె రాణి ముస్తాబై నిలబడి ఉంది. దీపావళి తర్వాత దున్నపోతులను సింగారించి ఊరేగించే సదర్ పండుగ అయి పదిరోజులే. ఆ సామాను మొత్తం దీని మీదికి ఎక్కింది. ఒంటికి నూనె, కొమ్ములకు నీలం రంగు, మెడలో గవ్వల పట్టెడ, నెత్తిన నెమలీకలు. మూలన బాలనర్సింహ బావమరిది బబ్లూ డప్పు కాచుకుంటున్నాడు.

"ఏందయ్యా ఇది? ఉన్నదున్నట్టు అన్నది కదా."

"పిల్లను చూస్తానికొస్తే మాసిన చీరతోని నిలవెడ్తరా సార్?" అన్నాడు బాలనర్సింహ.

ఫోన్లో హెలెన్ కనిపించింది, చేతిలో టీ కప్పుతో. నమస్కారాలు కాగానే బబ్లూ డప్పు మీద ఒక్క దెబ్బ వేశాడు. పక్క గుంజకున్న దున్నపోతు, పండుగకు నేర్పినట్టే, ముందుకాళ్లు రెండూ పైకెత్తి నిలబడి ఫోన్ వైపు చూసింది.

అదేం చేస్తోందని హెలెన్ అడిగింది.

"సలాం చేస్తున్నదని చెప్పున్రి సార్," అన్నాడు బాలనర్సింహ.

చెప్పాను.

పాలు పితకమంది ఆవిడ. రాణి చుక్క ఇవ్వలేదు. తల తిప్పి నెమలీకలతో బాలనర్సింహ మొహం ఊడ్చింది.

"ఏమైందే రాణీ? నిన్న బకెట్ నింపితివి గద. ఇజ్జత్ తీస్తున్నవ్."

"బావా, ఇంకో దెబ్బ ఎయ్యాల్నా?" అన్నాడు బబ్లూ.

"నువ్వు ముందుగాల బయటికి నడువ్."

బాలనర్సింహ లేచి నెమలీకలు తీశాడు. గవ్వల పట్టెడ విప్పాడు. తడిగుడ్డతో కొమ్ముల రంగు తుడిచాడు. "ఏం లేదు బిడ్డా, ఏం లేదు" అంటూ వీపు నిమిరాడు. ఫోన్ ఎత్తి పట్టుకున్న నా చెయ్యి నొప్పెట్టి కిందికి జారుతోంది. ఫోన్‌ను ఎక్కడైనా ఆనించుకోమని హెలెన్ చెప్పింది. అంత దూరం నుంచి ఆవిడకు నా మణికట్టు మీద దయ కలిగింది. గడ్డిమోపుకు ఆనించాను.

చివరికి బకెట్లో పాలధార మోగింది.

"నలభై నిమిషాలు పట్టింది," అంది హెలెన్. "నా దగ్గర నాలుగు వందల ఆవులు. మెషిన్లు పితుకుతాయి."

అది నేను తెలుగులోకి మార్చలేదు. బాలనర్సింహ నా మొహం చూశాడు.

"వద్దన్నదా సార్?"

"ఇంకా అనలేదు."

హెలెన్ కప్పు కింద పెట్టింది. మెషిన్ల దగ్గరికి మనుషులు దొరుకుతారట. పుట్టిన దూడలకు సీసా పాలు అలవాటు చేసే ఓపిక ఉన్నవాళ్లే దొరకరట. దూడల కొట్టానికి వస్తాడేమో అడగమంది.

"వస్త సార్, ఎందుకు రాను," అని అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "దూడల పేర్లేంది?"

"చెవులకు నంబర్లు ఉంటాయట."

"నంబర్‌తోని పిలిస్తే ఏది ఉరికొస్తది? నేనొచ్చి పెడ్తా అని చెప్పున్రి."

శనివారం సాయంత్రం ఉత్తరం వచ్చింది. జీతం, గది, పని గంటలు, అన్నీ చదివి వినిపించాను. వీసా ఇంకా రావాలి, కానీ దారి తెరుచుకుంది. చివర ఒక వాక్యం విడిగా ఉంది: దయచేసి డప్పు తీసుకురావద్దు.

"ఆమెకు పాట తెల్వది, ఆట తెల్వది," అని బబ్లూ అలిగి వెళ్లిపోయాడు.

స్వరూప నాకు ఇంకో గిన్నె అందించింది. గోడ అవతల బాలనర్సింహ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని కొట్టంలోకి వెళ్లాడు. రాణి అప్పటికే పడుకుంది. అతను దాన్ని లేపకుండా వెనక్కి వచ్చాడు. నేలను గీసుకుని చప్పుడయ్యే కొట్టం రేకు తలుపును రెండు చేతులతో కొంచెం పైకెత్తి, మెల్లగా వేశాడు.